మోకాళ్ళ నొప్పికి మార్కులు: గోదావరి డెల్టాలో రోగి ప్రశ్నావళిని ఎంతవరకు నమ్మవచ్చు

మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళ బాధను కొలవడానికి ప్రపంచమంతటా ఎక్కువగా వాడే ప్రశ్నావళుల్లో వోమాక్ ఒకటి. అందులో 24 ప్రశ్నలు: నొప్పి గురించి 5, కీలు పట్టేయడం గురించి 2, రోజువారీ పనుల్లో ఇబ్బంది గురించి 17. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 96. మార్కులు పెరిగితే బాధ పెరిగినట్టు. ఆ 17 పనుల్లో రెండు మేజోళ్ళ గురించే: ఒకటి తొడుక్కోవడం, ఒకటి విప్పుకోవడం. ఇంకొకటి కారు ఎక్కి దిగడం, మరొకటి స్నానాల తొట్టిలోకి దిగి లేవడం. రాజోలు పక్క పల్లెలో అరవై ఏళ్ళ వ్యవసాయ కూలీని ఇవి అడిగితే వచ్చే జవాబు ఎవరి బాధను కొలుస్తుంది? ఆమె మోకాలికి అసలు పరీక్ష రేవు మెట్లు దిగి బట్టలు ఉతికేటప్పుడు, ఊడ్పుల్లో బురదలోంచి కాలు పీకి ముందుకు వేసేటప్పుడు, పీట మీంచి లేచేటప్పుడు, చర్చిలో మోకరించేటప్పుడు, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు. మంచం మీంచి లేవడం, మెట్లెక్కడం వోమాక్‌లో ఉన్నాయి. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం లేవు.

నివేదికల్లోనూ థీసిస్‌లలోనూ తరచుగా కనబడే వాక్యం ఒకటుంది: “ప్రశ్నావళిని తెలుగులోకి అనువదించాం, క్రోన్‌బాక్ ఆల్ఫా 0.80 దాటింది, కాబట్టి ఇది నమ్మదగినది.” ఆల్ఫా అంటే ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలిసి కదులుతున్నాయో చెప్పే అంకె. ఆ వాక్యంలో చివరి ముక్కకు మొదటి రెండు ముక్కలూ ఆధారం కావు. విశ్వసనీయత అంటే బాధ మారనంత కాలం మార్కు కూడా మారకుండా ఉండటం. సప్రమాణత అంటే దేన్ని కొలుస్తున్నామని చెబుతున్నామో దాన్నే కొలవడం. ఈ రెండూ కాగితం మీది ప్రశ్నలకు పుట్టుకతో వచ్చే గుణాలు కావు. ఫలానా మనుషులను, ఫలానా తీరులో, ఫలానా అవసరం కోసం అడిగినప్పుడు వచ్చిన మార్కులకు ఉండే గుణాలు. వోమాక్ పుట్టిన కెనడాలో తేలిన విశ్వసనీయత అనువాదం వెంట అమలాపురం దాకా నడిచి రాదు. ఇక్కడ మళ్ళీ తేల్చుకోవాల్సిందే.

తేల్చుకునే వరుస కూడా ముఖ్యమే. ఇలాంటి ప్రశ్నావళుల పరీక్షలో ఏ గుణాన్ని ఏమని పిలవాలో, దేన్ని ఎలా చూడాలో కాస్మిన్ పేరుతో పలు దేశాల నిపుణులు 2010లో ఒక ఒప్పందానికి వచ్చారు. అన్నిటికన్నా ముందు విషయ సప్రమాణత, అంటే ప్రశ్నలు ఆ మనుషుల బాధకు తగినవేనా, వాళ్ళకు అర్థమవుతున్నాయా అన్నది చూడాలని, అది లేనప్పుడు మిగతా అంకెలు ఎంత బాగున్నా ఉపయోగం లేదని ఆ వర్గం మార్గదర్శకాలు చెబుతాయి. ఆచరణలో జరిగేది దీనికి తలకిందులు. కంప్యూటర్లో ఒక్క నొక్కుతో వచ్చేస్తుంది కాబట్టి ఆల్ఫా ముందు వస్తుంది. ఊళ్ళోకి వెళ్ళి కూర్చుని మాట్లాడాలి కాబట్టి విషయ సప్రమాణత మిగిలిపోతుంది.

అడిగే పని ఆ ఇంట్లో ఉందా

అనువాదానికి స్థిరపడిన పద్ధతి ఉంది. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి తేవాలి, వారిలో ఒకరు వైద్యరంగానికి చెందనివారై ఉండాలి. రెండు పాఠాలనూ కలిపి ఒకటి చేశాక, మూలం చూడని మరో ఇద్దరు దాన్ని వెనక్కి అనువదించాలి. కమిటీ అన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని తేడాలు తీర్చాలి. తర్వాత 30 నుంచి 40 మంది రోగుల మీద ప్రయత్నించి చూడాలి. వెనుకటి అనువాదం సరిగ్గా కుదిరింది గదా అని అక్కడే ఆగిపోవడం పెద్ద పొరపాటు. కీలు పట్టేయడాన్ని “దృఢత్వం” అని రాస్తే వెనుకటి అనువాదంలో మూలపదమే తిరిగొస్తుంది, కమిటీకి అనుమానం రాదు. “మీ మోకాలిలో దృఢత్వం ఎంత ఉంది?” అని అడిగితే రోగి మాత్రం కాలి బలం గురించి అడుగుతున్నారనుకుని జవాబిస్తుంది. “పొద్దున్న లేవగానే కాలు పట్టేసినట్టు ఉంటుందా?” అంటే చాలు.

ఆ 30–40 మందితో చేయాల్సింది ప్రశ్నావళి నింపించడం కాదు, వాళ్ళ ఆలోచన వినడం. ఒక్కో ప్రశ్న తర్వాత మూడు మాటలు అడగాలి. ఇది వినగానే మీకేం గుర్తొచ్చింది? ఈ జవాబే ఎందుకు చెప్పారు? ఇదే ప్రశ్నను మీరైతే పక్కింటావిడని ఎలా అడుగుతారు? విడతకు ఏడు నుంచి పది మందిని తీసుకుని, తప్పులు దిద్ది, కొత్తవాళ్ళతో ఇంకో విడత చేస్తే చాలా లోపాలు పైకి తేలతాయి. వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇలా ఉంటుంది.

“రేవు మెట్లు దిగడం కష్టంగా ఉంటుందాండీ?”

“లేదండి.”

“రోజూ దిగుతారా?”

“ఎక్కడండీ, మోకాళ్ళు ఇలా అయ్యాక రేవుకెళ్ళడం మానేశాను. కోడలే ఉతుకుతాది.”

రెండో ప్రశ్న అడగకపోతే ఆమెకు పడే మార్కు సున్నా. అంటే ఏ ఇబ్బందీ లేని మనిషి. నిజానికి ఆ పనే చేయలేని మనిషి. బాధ బాగా ముదిరినవాళ్ళు పనులు మానుకుంటూ పోతారు, మానుకున్న ప్రతి పనికీ మార్కు తగ్గుతూ పోతుంది. ఇలాంటివారు పదిమంది ఉన్నా సగటు పక్కదారి పడుతుంది. అందుకే “ఆ పని చేయడం లేదు” అనే గడి విడిగా ఉండాలి, దాని పక్కన కారణం ఉండాలి. మోకాలి వల్ల మానేస్తే 4 వేయాలి. అవసరం లేక చేయకపోతే ఖాళీగా లెక్కించాలి. ఈ నియమాన్ని వివరాల సేకరణ మొదలవకముందే రాసిపెట్టుకోవాలి. జవాబులు చేతికొచ్చాక రాసుకునే నియమం మనకు నచ్చిన ఫలితం వైపు ఒరుగుతుంది.

మేజోళ్ళ ప్రశ్నల్ని తీసేసి రేవు మెట్లు పెట్టేస్తే పోదా? అలా కుదరదు. వోమాక్‌కు హక్కుదారులున్నారు, లైసెన్సు తీసుకోవాలి, అనుమతి లేకుండా ప్రశ్నలు మార్చకూడదు. మారిస్తే వేరే చోట్ల ఫలితాలతో పోల్చే వీలూ పోతుంది. మూలాన్ని అలాగే ఉంచి, స్థానిక పనుల ప్రశ్నలను విడి భాగంగా చేర్చి, ఆ మార్కును విడిగా లెక్కవేయడం మంచి దారి. ఆ భాగంలో ఏ పనులుండాలో ఆఫీసులో కూర్చుని తేల్చడం పనికిరాదు. నరసాపురం వైపు కాళ్ళు చాపుకుని గంటల తరబడి లేసు అల్లే ఆడవాళ్ళ ఇబ్బంది ఒకటి, భీమవరం పక్క రొయ్యల షెడ్లలో తడి నేల మీద నిలబడేవాళ్ళది ఇంకొకటి, కొబ్బరి పీచు పనివాళ్ళది మరొకటి.

జవాబుల మెట్ల సంగతీ అంతే. “స్వల్పంగా, మధ్యస్థంగా, తీవ్రంగా, అతి తీవ్రంగా” అని చదివి వినిపిస్తే వినేవాళ్ళ దగ్గర అవి రెండే అవుతాయి: ఉంది, లేదు. వంద మిల్లీమీటర్ల గీత మీద నొప్పి ఎంతో గుర్తు పెట్టమన్నా, గీతలతో అలవాటు లేనివాళ్ళు చివరల్లోనో నడిమధ్యనో పెట్టేస్తారు. డెల్టా పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ ఒక కొలత ఉంది: నొప్పి రూపాయికి పావలా తగ్గిందంటారు, ముప్పావలా పోయిందంటారు. ఏమీ లేదు, పావలా, అర్ధరూపాయి, ముప్పావలా, రూపాయి: సరిగ్గా ఐదు మెట్లు, మధ్యలో ఎడం సమానం. వోమాక్ 0 నుంచి 4కి ఇంతకన్నా బాగా అతికే మాటలు దొరకడం కష్టం. అయితే పావలా చెలామణీ 2011 జూన్ 30తో ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ లోపువాళ్ళకు ఈ కొలత ఎంత తెలుసో పరీక్షించాకే వాళ్ళ దగ్గర వాడాలి.

ఎవరు అడిగారు, ఎవరు విన్నారు

రోగి స్వయంగా నింపాల్సిన ప్రశ్నావళిని ఇక్కడ చాలాచోట్ల ఎవరో చదివి వినిపిస్తారు: ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో, ఫిజియోథెరపీ విద్యార్థో. అప్పుడు అది మరో పరికరమే అవుతుంది. చదివేవారి గొంతు, ముఖం, తొందర అన్నీ జవాబులోకి చేరతాయి. ఇద్దరు వేర్వేరు వ్యక్తులు అదే రోగిని అడిగితే మార్కులు ఎంత దగ్గరగా వస్తాయో విడిగా చూడాలి. అడిగే చోట కోడలో కొడుకో ఉంటే సగం జవాబులు వాళ్ళవే. పెద్దాయన నోరు తెరిచేలోపే “ఆయనకి రాత్రిళ్ళు నిద్ర ఉండదండి” అని వచ్చేస్తుంది. అది కుటుంబం ఇచ్చే సమాచారం, విలువైనదే, కానీ రోగి చెప్పినదానిలో కలపకూడదు.

అవసరం కూడా జవాబును మారుస్తుంది. సదరం శిబిరానికి వైకల్య సర్టిఫికెట్టు కోసం వచ్చినవాళ్ళను అక్కడే వరుసలో నిలబెట్టి అడిగితే, ఈ కాగితానికీ పింఛనుకూ సంబంధం ఉందని వాళ్ళు అనుకోవడం సహజం. మార్కులు పెరుగుతాయి. అది వాళ్ళు ఆడే అబద్ధం కాదు, అడిగినవాళ్ళు ఎంచుకున్న చోటు తప్పు. డాక్టరుగారి ఎదురుగా అడిగితే దీనికి విరుద్ధం: “మీ మందుతో బానే ఉందండి” అని మొహమాటానికి తగ్గించి చెబుతారు.

ఆల్ఫా చెప్పేదెంత

1951లో క్రోన్‌బాక్ ప్రతిపాదించిన ఆల్ఫా, ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి కదులుతున్నాయో చెబుతుంది. 0.70 నుంచి 0.95 మధ్య ఉంటే సరేనంటారు. ఆ అంకె ప్రశ్నల సంఖ్యతో పాటు పెరుగుతుందన్న సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (రెండు అంకెలు ఎంతమేరకు కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే కొలత, పూర్తిగా కలిస్తే 1) 0.30 మాత్రమే అనుకుందాం. 5 ప్రశ్నలుంటే ఆల్ఫా 0.68. అదే బలహీనమైన బంధంతో 10 ప్రశ్నలుంటే 0.81, 20 ఉంటే 0.90. ప్రశ్నల నాణ్యత ఇసుమంత పెరగకుండానే నివేదికలో అంకె మెరిసిపోతుంది. 0.95 దాటితే ఒకే సంగతిని మాటలు మార్చి అడుగుతున్నట్టు అనుమానించాలి.

దీనికన్నా లోతైన చిక్కు ఒకటుంది. పదిహేనో ప్రశ్నకు వచ్చేసరికి అడిగేవారూ అలసిపోతారు, చెప్పేవారూ అలసిపోతారు. అడిగినదానికల్లా “ఆయ్” అనేసి పని ముగించేస్తారు. అందరూ తమ తమ మెట్టు ఒకటి పట్టుకుని చివరిదాకా అదే చెబితే, ప్రశ్నలన్నీ అద్భుతంగా కలిసి కదిలినట్టు కనిపిస్తుంది, ఆల్ఫా ఆకాశానికి ఎక్కుతుంది. అంటే వివరాలు చెడిపోయిన చోటే అంకె బాగుపడుతుంది. పట్టుకోవడం కష్టమేమీ కాదు. 17 ప్రశ్నలకూ ఒకే జవాబు ఉన్న పత్రాలు ఎన్నో, అవి ఎవరెవరు నింపినవో లెక్క తీస్తే చాలు. ఒక్కరి దగ్గరే పోగుపడితే ఆ వ్యక్తికి మళ్ళీ శిక్షణ ఇచ్చి, ఆ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళాలి.

ప్రశ్నలన్నీ ఒకే సంగతికి అద్దం పట్టేవైతేనే ఆల్ఫాకు అర్థం. కాబట్టి ముందు కారక విశ్లేషణ చేసి, నొప్పి ప్రశ్నలు ఒక గుంపుగా, పనుల ప్రశ్నలు ఇంకో గుంపుగా పడుతున్నాయో లేదో చూడాలి. దీనికి ప్రశ్నకు ఏడుగురి చొప్పున, ఎలా చూసినా వందకు తగ్గకుండా మనుషులు కావాలి. 24 ప్రశ్నలకు 168 మంది. బోదకాలు లక్షణాల పట్టికలాంటివి వేరే జాతి. కాలి వేళ్ళ మధ్య పుండు, వాపు, జ్వరం కలిసి కదలాల్సిన పనే లేదు. అక్కడ ఆల్ఫా తక్కువ వస్తే తప్పు కాదు, ఎక్కువ వస్తే గొప్పా కాదు. అసలు లెక్కవేయకపోవడమే సరి.

రెండోసారి అడిగినప్పుడు

అదే మనిషిని కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ అడిగి చూడటం విశ్వసనీయతకు అసలైన పరీక్ష. రెండు వారాల ఎడం మామూలు. మరీ దగ్గరైతే పాత జవాబు గుర్తుంటుంది, మరీ దూరమైతే బాధే మారిపోతుంది. కనీసం 50 మంది కావాలి. డెల్టాలో ఆ రెండు వారాలు ఎప్పుడన్నది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. జూలైలో మొదటిసారి అడిగి, సార్వా ఊడ్పుల మధ్య రెండోసారి అడిగితే మోకాళ్ళు నిజంగానే మారిపోయి ఉంటాయి. సంక్రాంతికి ముందూ వెనకా అడిగినా అంతే: దాళ్వా నాట్లు, ఇంటినిండా చుట్టాలు, పిండివంటలు. అప్పుడు అంకె తక్కువొస్తే నింద ప్రశ్నావళి మీద పడుతుంది. ఊడ్పులు ముగిసి కోతలు మొదలవని సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఇంతకన్నా నయం. ఎప్పుడు చేసినా రెండోసారి చివర్లో “పోయినసారికీ ఇప్పటికీ నొప్పిలో తేడా ఉందా?” అని అడిగి, లేదన్నవాళ్ళనే లెక్కలోకి తీసుకోవాలి. అడిగే మనిషి, చోటు, తీరు మారకూడదు.

లెక్కలో జరిగే పొరపాటు ఒకటి పదేపదే కనిపిస్తుంది. ముగ్గురికి మొదటిసారి 20, 30, 40 వచ్చి రెండోసారి 15, 25, 35 వచ్చాయనుకుందాం. మామూలు పియర్సన్ సహసంబంధం 1.00 చూపిస్తుంది. కానీ అందరికీ ఐదేసి మార్కులు తగ్గాయి. మొదటిసారి బస్సు దిగి ఆసుపత్రికి నడిచొచ్చాక అడిగి, రెండోసారి ఇంటి అరుగు మీద అడిగితే సరిగ్గా ఇలాగే అవుతుంది. ఈ తేడాను పట్టేది ఐసీసీ అనే అంతర్వర్గ సహసంబంధ గుణకం, అందులోనూ ఏకీభావాన్ని చూసే రకం. ఏ రకం వాడారో రాయని ఐసీసీ సగం సమాచారమే. గుంపుల్ని పోల్చడానికి 0.70 చాలు. ఒక మనిషి చికిత్స గురించి తేల్చడానికి 0.90 దాకా ఉండాలంటారు.

రోగి ముందు కూర్చున్న వైద్యుడికి ఐసీసీ కన్నా పనికొచ్చేది కొలత దోషం. పనుల భాగంలో మార్కుల ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 12, ఐసీసీ 0.84 అనుకుందాం. ఒకటిలోంచి 0.84 తీస్తే 0.16, దాని వర్గమూలం 0.4, దాన్ని 12తో గుణిస్తే 4.8. ఇది ఒక్కసారి కొలిచినప్పటి దోషం. రెండుసార్ల తేడాకు దీన్ని 2.77తో గుణించాలి: 13.3. ఒకావిడ మార్కు 40 నుంచి 31కి దిగితే మందు పనిచేసిందని చెప్పలేం, ఎందుకంటే ఏ మార్పూ లేకుండానే ఊగే హద్దులోనే ఆ 9 మార్కులున్నాయి. అదే 50 మంది సగటైతే హద్దు 13.3ను 50 వర్గమూలంతో భాగించినంత, అంటే 1.9కి దిగుతుంది. గుంపును కొలవడానికి చక్కగా పనికొచ్చే ప్రశ్నావళి ఒక మనిషి విషయంలో తీర్పు చెప్పలేకపోవచ్చు. ఈ తేడా నివేదికల్లో దాదాపుగా ఉండదు, ఉండి తీరాలి.

దేనితో పోల్చాలి

నొప్పికి బంగారు తూకంలాంటిది లేదు. ఎక్స్‌రే ఉంది గదా అనిపిస్తుంది. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ మనిషి పడే బాధకూ పొంతన తక్కువని ఎప్పటి నుంచో తెలుసు. ప్రశ్నావళి మార్కు ఎక్స్‌రేతో కలవలేదని దాన్ని తీసిపారేయడం అన్యాయం. బదులుగా ముందే అంచనాలు రాసుకోవాలి. ఇంకో మోకాలి ప్రశ్నావళితో సహసంబంధం కనీసం 0.50 ఉండాలి. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చునే సమయంతో మధ్యస్థంగా ఉండాలి. మోకాలితో సంబంధం లేని వాటితో, ఉదాహరణకు చెవుడుతో, ఇంకా తక్కువ ఉండాలి. చేతికర్రతో నడిచేవాళ్ళకూ మామూలుగా నడిచేవాళ్ళకూ మార్కుల్లో తేడా రావాలి. అంచనాల్లో 75 శాతం నిజమైతే నిర్మాణ సప్రమాణతకు, అంటే మార్కు అసలు బాధకు తగ్గట్టే నడుస్తోందనడానికి, ఆధారం దొరికినట్టు. 15 శాతానికి మించి జనం అట్టడుగు మార్కు దగ్గరో పైచివరి మార్కు దగ్గరో గుమిగూడితే, ఆ చివర ఉన్నవాళ్ళ మధ్య తేడాను ప్రశ్నావళి పట్టలేదు.

కటాఫ్ ఉన్న ప్రశ్నావళుల్లో ఇంకో జాగ్రత్త కావాలి. కుంగుబాటు కోసం వాడే పీహెచ్‌క్యూ–9లో 27కి 10 గానీ అంతకు మించి గానీ వస్తే అనుమానించాలంటారు. 2001 నాటి మూల అధ్యయనంలో జబ్బున్నవాళ్ళను పట్టడంలో 88 శాతం, లేనివాళ్ళను వదలడంలో 88 శాతం వచ్చింది. అదే సత్తా ఇక్కడా ఉందని ఒప్పుకున్నా, నూటికి ఐదుగురికి జబ్బున్న ఊళ్ళో వెయ్యిమందిని అడిగితే 50 మందిలో 44 మంది దొరుకుతారు, జబ్బు లేని 950 మందిలో 114 మంది కూడా దొరుకుతారు. కటాఫ్ చేరిన 158 మందిలో నిజంగా జబ్బున్నవారు 28 శాతమే. పైగా అలసట, నిద్ర, ఆకలి గురించిన ప్రశ్నలకు కోతల రోజుల్లో ఒళ్ళు హూనమైన మనిషి ఇచ్చే జవాబు మనసు సంగతి చెప్పకపోవచ్చు.

బోదకాలులో గడువు చిక్కు

గోదావరి డెల్టాలో ఫైలేరియా తరతరాల జబ్బు. వాపు అందరికీ కనిపిస్తుంది. మనిషిని మంచాన పడేసేది మాత్రం గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రబడి మండిపోతూ, చలిజ్వరంతో వచ్చే దాడి. ఈ రోగుల జీవన నాణ్యత కొలవడానికి చర్మవ్యాధుల ప్రశ్నావళి డీఎల్‌క్యూఐ కూడా వాడుతుంటారు. పది ప్రశ్నలు, 30 మార్కులు, అడిగేది గడిచిన ఒక్క వారం గురించి. ఒక మనిషికి ఏడాదికి నాలుగు దాడులు, ఒక్కోటి ఐదు రోజులు అనుకుందాం. ఏ వారం గురించి అడిగినా అందులో ఒక్క రోజైనా దాడి తగిలే అవకాశం సుమారు 12 శాతం. దాడిలో ఉన్న మనిషి శిబిరానికి రాలేడు కాబట్టి నిజంగా అంత కూడా ఉండదు. ఆటల గురించిన ప్రశ్నకు యాభై ఐదేళ్ళ ఆడమనిషి “వర్తించదు” అంటుంది, దానికీ సున్నాయే. ఏడాదికి ఇరవై రోజులు మంచాన పడేసే బాధ ఈ కొలతలో ఆరేడు మార్కులుగా మిగిలిపోతే తప్పు ఆమె జ్ఞాపకానిది కాదు.

చికిత్స ఫలితం చూసేటప్పుడు ఈ లోపం ఇంకా గట్టిగా తగులుతుంది. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిచి, పుండ్లకు ఆయింట్‌మెంట్ రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకుంటే దాడులు తగ్గుతాయి. ముదిరిన వాపు పెద్దగా తగ్గకపోవచ్చు. ఒక్క వారం గురించి, అదీ కనిపించే కాలి గురించి అడిగే ప్రశ్నావళి “మార్పు లేదు” అంటుంది, మంచి కార్యక్రమం దండగ కింద లెక్కవుతుంది. దాడులను విడిగా రాయించాలి. పాల లెక్క గుర్తు పెట్టే గోడ క్యాలెండరులోనే జ్వరం వచ్చిన రోజుకు సున్నా చుట్టమంటే చదువు రానివాళ్ళూ చేయగలరు. నెలకోసారి వెళ్ళి దాన్ని రాసుకురావాలి. దాడి రోజులను ప్రశ్నావళి మొత్తంలో కలపకుండా పక్కన చూపాలి. పోల్చడం కూడా ఒకే కాలానికి ఒకే కాలంతో జరగాలి. వానల్లో దాడులు ఎక్కువ. ఆగస్టులో మొదటి లెక్క తీసి ఫిబ్రవరిలో రెండోది తీస్తే ఏ వైద్యమూ చేయకపోయినా తగ్గినట్టే కనిపిస్తుంది. ఆగస్టు లెక్కను వచ్చే ఆగస్టుతోనే పోల్చాలి.